ఫోటోలో ఒక్క భాగాన్నే సరిదిద్దడం ఎలా? మాస్కుల మీద సమగ్ర మార్గదర్శి

సూర్యుడు మనిషి వెనక ఉన్నప్పుడు తీసిన ఫోటో ఏదైనా తెరిచి చూడండి. ఆకాశం బాగుంటుంది, ముఖం నల్లగా ఉంటుంది. ఎక్స్‌పోజర్ స్లైడర్‌ను కుడికి జరిపితే ముఖం తేటపడుతుంది కానీ ఆకాశం తెల్లగా పాలిపోతుంది. వెనక్కి జరిపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ స్లైడర్‌కు ముఖం ఏదో, ఆకాశం ఏదో తెలియదు మరి. ఫోటో అంతటికీ ఒకే లెక్క వర్తింపజేస్తుంది. ఇక్కడ మాత్రమే మార్చు, అక్కడ ముట్టుకోకు అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడానికి వాడేదే మాస్క్.

ఇది కంప్యూటర్లతో పుట్టిన విద్య కాదు. డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేటప్పుడు, ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దదిగా చేసి చూపే పరికరం) వెలుతురు కాగితం మీద పడుతుండగా, సన్నటి తీగకు అంటించిన అట్టముక్కను కాసేపు అడ్డం పెట్టేవారు. నీడ పడిన చోట ప్రింట్ లేతగా వచ్చేది. దాన్ని డాడ్జింగ్ అనేవారు. పెద్ద అట్టకు చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి ఒక్కచోటికే అదనంగా వెలుతురు పంపితే అక్కడ ముదురుగా వచ్చేది. అది బర్నింగ్. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన నెగటివ్ ఒక్కటే. కానీ తర్వాతి దశాబ్దాల్లో వేసిన ప్రింట్లలో ఆయన ఆకాశాన్ని ఇంకా ఇంకా నలుపు చేస్తూ వెళ్లారు. అట్టను కదపకుండా పట్టుకుంటే దాని అంచు ప్రింట్ మీద గీతలా పడిపోతుంది కాబట్టి డార్క్‌రూమ్‌లో చేతిని ఆడిస్తూనే ఉండాలి. మాస్క్ అంచును మెత్తబరిచే ఇప్పటి ఫెదర్ స్లైడర్ చేసేది సరిగ్గా ఆ పనే.

ఇక్కడ చెప్పే మెనూల పేర్లు ఎక్కువగా అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్‌వి. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, జింప్ గురించి, ఫోన్‌లో వాడే స్నాప్‌సీడ్ గురించి కూడా కింద ఉంది. పేర్లు మారతాయి గానీ పని తీరు అన్నిట్లో ఒకటే.

మొదలుపెట్టే ముందు

రా ఫైల్ (కెమెరా సెన్సర్ పట్టిన సమాచారాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచిన ఫైల్) ఉంటే దాన్నే తెరవండి. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. ఫోటో మొత్తాన్ని కొద్దిగా మార్చినప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. ఒక్క ఆకాశాన్నే పట్టుకుని బాగా ముదురు చేశారనుకోండి, జేపెగ్‌లో నున్నగా ఉండాల్సిన నీలం పొరలు పొరలుగా విడిపోయి కనిపిస్తుంది. నీడలో ఉన్న ముఖాన్ని వెలిగించినా అంతే, చర్మం మీద ఆకుపచ్చ, ఊదా మరకలు తేలతాయి. చేతిలో జేపెగ్ మాత్రమే ఉంటే పని మానుకోనక్కర్లేదు. రా ఫైల్ మీద ఎంత చేసేవారో అందులో సగం దగ్గర ఆగండి.

తర్వాత లైట్‌రూమ్‌లో జె కీ నొక్కండి. పూర్తిగా తెల్లబోయిన చోట్లు ఎర్రగా, పూర్తిగా నల్లబడినవి నీలంగా కనిపిస్తాయి. హైలైట్స్ (వెలుతురు ఎక్కువున్న భాగాల స్లైడర్) తగ్గించినా ఆ ఎరుపు పోలేదంటే అక్కడ సమాచారమే లేదని అర్థం. ఏ మాస్కూ ఆ మబ్బుల్ని వెనక్కి తేలేదు. అక్కడ ఎక్స్‌పోజర్ తగ్గిస్తే తెలుపు కాస్తా మురికి బూడిదరంగు అవుతుంది, అంతే. అలాంటి చోటును తెల్లగానే వదిలేయడం మేలు.

స్క్రీన్ సంగతి కూడా చూసుకోండి. రాత్రిపూట స్క్రీన్‌ను పసుపు చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే రంగులన్నీ తప్పుగా కనిపిస్తాయి. చీకటి గదిలో బ్రైట్‌నెస్ మొత్తం పెంచుకుని పని చేస్తే, ఆ ఫోటో ప్రింట్‌లో మబ్బు పట్టినట్టు వస్తుంది.

ముందు ఫోటో మొత్తం, ఆ తర్వాతే భాగాలు

ఫోటో తెరవగానే బ్రష్ పట్టుకోవద్దు. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, హైలైట్స్, షాడోస్, లెన్స్ కరెక్షన్ లాంటి మొత్తం మార్పులు ముందు పూర్తి చేయండి. మాస్కులో మీరు ఇచ్చే ప్రతి విలువా ఆ మొత్తం సెట్టింగ్ మీద కూర్చునేదే. ముఖానికి అర స్టాప్ (ఎక్స్‌పోజర్ స్లైడర్ మీద 0.5) వెలుతురు ఇచ్చాక, ఫోటో మొత్తానికీ ఎక్స్‌పోజర్ పెంచితే ముఖం ఎక్కడికో పోతుంది. అప్పుడు మాస్కులన్నీ మళ్లీ ఒక్కొక్కటే సరిచేసుకోవాలి. లైట్‌రూమ్ మాస్కులో టెంపరేచర్ స్లైడర్‌కు కెల్విన్ అంకెలు ఉండకపోవడానికీ కారణం ఇదే. అక్కడ మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా మాత్రమే ఉంటుంది, ఫోటోకు ఉన్న వైట్ బ్యాలెన్స్ నుంచి ఎంత అటో ఇటో అనే లెక్కతో.

దుమ్ము మరకలు, అక్కర్లేని వస్తువులు తొలగించడం, నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) తగ్గించడం కూడా మాస్కుల కంటే ముందే చేసుకోండి. సబ్జెక్ట్ (ఫోటోలోని ముఖ్యమైన మనిషి లేదా వస్తువు), ఆకాశం వంటివాటిని సాఫ్ట్‌వేరే గుర్తుపట్టే మాస్కులు అప్పుడున్న ఫోటోను చూసి తయారవుతాయి. తర్వాత ఫోటోలో వస్తువులు తీసేస్తే ఆ మాస్కుల్ని మళ్లీ అప్‌డేట్ చేయించాల్సి వస్తుంది.

మొత్తం మార్పుల్లో ఎక్కడ ఆగాలన్నది ఒక నిర్ణయం. వెనక వెలుతురున్న ఫోటోలో నేనైతే ఆకాశానికి సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెట్టి ముఖాన్ని మాస్క్‌తో లేపను, ముఖానికి పెట్టి ఆకాశాన్ని దించనూ దించను. రెండిటికీ మధ్యలో, రెండూ కొంచెం తప్పుగా ఉన్న చోట ఆపుతాను. అప్పుడు అటు కొద్దిగా, ఇటు కొద్దిగా మారిస్తే సరిపోతుంది. ఒక్క మాస్క్ మీదే భారమంతా వేసినప్పుడే ఎడిటింగ్ బయటపడిపోతుంది.

ఏం మార్చాలో ముందే తేల్చుకోండి

ఫోటోను స్క్రీన్ మీద బొటనవేలి గోరంత చేసి చూడండి, లేదా కళ్లు సగం మూసి చూడండి. చిన్న వివరాలన్నీ మాయమై వెలుగు నీడల ముద్దలు మాత్రమే మిగులుతాయి. మీ చూపు మొదట ఎక్కడ పడింది? మనిషి మీదా, మూలనున్న తెల్లటి రాయి మీదా? చూపు మామూలుగా వెలుతురు ఎక్కువున్న చోటికి, నలుపు తెలుపు పక్కపక్కనే ఉన్న చోటికి, రంగు చిక్కగా ఉన్న చోటికి, ముఖాల మీదికి వెళుతుంది. మనిషి ఫోటోలో మూలనున్న రాయి ముందు కనిపిస్తోందంటే మనిషిని వెలిగించడం కంటే రాయిని దించడమే తేలిక, పైగా ఎవరికీ తెలియదు.

చూసినవాటిని కాగితం మీద రాసుకోండి: ఆకాశం కాస్త దించాలి, ముఖం లేపాలి, రాయి దించాలి, చొక్కా మీద నీలం తీయాలి. మూడు నాలుగు దాటితే ఇది నిజంగా అవసరమా అని ఒకసారి ప్రశ్నించుకోండి. జాబితా లేకుండా కూర్చుంటే మాస్కులు పుట్టుకొస్తూనే ఉంటాయి, ఎక్కడ ఆపాలో తెలియదు.

మాస్కుల్లో రకాలు

లైట్‌రూమ్‌లో బ్రష్, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (ఇప్పటి లీనియర్ గ్రేడియెంట్) 2008లోనే, రెండో వెర్షన్‌తో వచ్చాయి. రేడియల్ 2013లో వచ్చింది. ఆకాశాన్నీ సబ్జెక్ట్‌నీ తనంతట తానే గుర్తుపట్టే మాస్కులు 2021 అక్టోబర్‌లో, మనుషుల్ని విడివిడిగా, ముఖం, జుట్టు, బట్టలు అంటూ పట్టుకునేవి ఆ మరుసటి ఏడాదీ వచ్చాయి. డెవలప్ మాడ్యూల్‌లో షిఫ్ట్ డబ్ల్యూ నొక్కితే మాస్కుల ప్యానెల్ తెరుచుకుంటుంది.

లీనియర్ గ్రేడియెంట్ ఆకాశానికి, నేలకు, ఒక పక్క నుంచి పడే కిటికీ వెలుతురుకు బాగుంటుంది. లాగినప్పుడు మూడు గీతలు కనిపిస్తాయి. మొదటి గీతకు అవతల మార్పు పూర్తిగా పడుతుంది, చివరి గీతకు ఇవతల అసలు పడదు, మధ్యలో క్రమంగా తగ్గుతుంది. షిఫ్ట్ పట్టుకుని లాగితే గీతలు వంకరపోవు. చాలామంది దీన్ని మరీ చిన్నగా లాగుతారు. ఫోటోలో మూడో వంతైనా పరుచుకునేలా లాగండి, మార్పు ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు.

రేడియల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గుండ్రంగా లేదా కోలగా గీస్తారు, లోపల మార్పు పడుతుంది, ఫెదర్ పెద్దగా ఉంచాలి. మనిషి మీద దీపపు వెలుతురు పడినట్టు చేయాలంటే పనికొస్తుంది.

బ్రష్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సైజు, ఫెదర్ అర్థమవుతాయి. ఫ్లో, డెన్సిటీ దగ్గరే తికమక. ఒక్కసారి రుద్దితే ఎంత పడుతుందో చెప్పేది ఫ్లో. ఎన్నిసార్లు రుద్దినా ఎంతకు మించి పడకూడదో చెప్పేది డెన్సిటీ. ఫ్లో 100 ఉంటే మొదటి గీతతోనే మార్పు మొత్తం పడిపోతుంది, చేతి వణుకు కూడా కనిపిస్తుంది. అదే 15, 20 దగ్గర పెట్టుకుంటే గోడకు సున్నం పూతలు వేసినట్టు ఒకదాని మీద ఒకటిగా పేరుస్తూ రావచ్చు, కావలసినచోట రెండు పూతలు, అక్కర్లేనిచోట ఒకటి. చదరపు బ్రాకెట్ల కీలతో బ్రష్ పెద్దదీ చిన్నదీ అవుతుంది, వాటితోపాటు షిఫ్ట్ నొక్కితే ఫెదర్ మారుతుంది. ఆల్ట్ పట్టుకుని రుద్దితే అదే బ్రష్ చెరిపేస్తుంది. ఆటో మాస్క్ ఆన్ చేస్తే బ్రష్ మధ్యలో ఉన్న రంగును చూసి, అలాంటి రంగున్న చోటే మార్పు వేస్తుంది. గోడకూ ఆకాశానికీ మధ్య స్పష్టమైన అంచు దగ్గర ఇది వరం. జుట్టు దగ్గర, ఆకుల దగ్గర మాత్రం తునకలు తునకలుగా వదిలేస్తుంది. అక్కడ ఆఫ్ చేయండి.

రేంజ్ మాస్కులు గీసేవి కావు, ఎంచేవి. ల్యూమినెన్స్ రేంజ్ వెలుతురును బట్టి, కలర్ రేంజ్ రంగును బట్టి ఎంచుతుంది. కొమ్మల సందుల్లోంచి కనిపించే ఆకాశాన్ని ఏ బ్రష్‌తోనూ పూయలేం. ఆ సందులన్నీ వెలుతురుగా ఉంటాయి కాబట్టి ల్యూమినెన్స్ రేంజ్ వాటిని ఒక్క క్లిక్‌తో పట్టేస్తుంది. దాని స్లైడర్‌కు రెండు పక్కలా ఉండే తోకల్లాంటి భాగాల్ని వెడల్పుగా లాగాలి. అవి ఇరుగ్గా ఉంటే మార్పు ఉన్నట్టుండి మొదలై, ఆకుల అంచుల్లో బురదలాంటి గీత కనిపిస్తుంది.

కలపడం, తీసేయడం, ఉమ్మడి భాగం

ఒక్కొక్క మాస్కూ విడిగా మామూలుదే. వాటిని కలిపినప్పుడే అసలు పని జరుగుతుంది. యాడ్ నొక్కితే రెండోది కలుస్తుంది, సబ్‌ట్రాక్ట్ నొక్కితే రెండోది ఉన్న మేర మొదటిదాంట్లోంచి పోతుంది. ఆల్ట్ కీ పట్టుకుంటే ఆ రెండు బటన్ల చోట ఇంటర్‌సెక్ట్ వస్తుంది. రెండు మాస్కులూ ఉన్న చోట మాత్రమే మార్పు మిగులుతుంది. ఎందుకోగానీ చాలామంది ఈ మూడోదాని జోలికే వెళ్లరు. ఆకాశం మీద లీనియర్ గ్రేడియెంట్ లాగి, దాన్ని ల్యూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేస్తే, గ్రేడియెంట్ దారిలో ఉన్న కొండలూ స్తంభాలూ చెట్లూ వాటంతటవే తప్పించుకుంటాయి. సబ్జెక్ట్ మాస్క్‌ను పక్క నుంచి లాగిన గ్రేడియెంట్‌తో ఇంటర్‌సెక్ట్ చేస్తే, మనిషికి ఒక వైపు నుంచి మాత్రమే వెలుతురు పడినట్టు చేయొచ్చు.

ఒక ఫోటో మీద మొదటి నుంచి చివరిదాకా

సాయంత్రం నీటి ఒడ్డున ఒక మనిషి నిలబడి ఉన్నాడనుకుందాం. వెనక ఆకాశం, దూరంగా పొగమంచులో కొండ, ముందు కుడి మూలన తెల్లటి రాయి. ముఖం నీడలో ఉంది, తెల్ల చొక్కా మీద నీలం ఛాయ. మొత్తం మార్పులు అయిపోయాయి. కింద ఇచ్చిన అంకెలు మొదలుపెట్టడానికే, మీ ఫోటోకు తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఆకాశం. పై నుంచి కొండ దాకా లీనియర్ గ్రేడియెంట్ లాగండి. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 1 చేయాలనిపిస్తుంది కానీ అలా చేస్తే మనిషి తల కూడా నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.3 దగ్గర ఆపి, హైలైట్స్ మైనస్ 40 చేయండి. హైలైట్స్ వెలుతురున్న పిక్సెల్స్‌నే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఆకాశం దిగుతుంది, నల్లటి జుట్టు ఉన్నట్టే ఉంటుంది. ఇంకా తల ముదురుగా అనిపిస్తే సబ్‌ట్రాక్ట్‌లో బ్రష్ తీసుకుని, ఫ్లో తక్కువ పెట్టి, ముఖం లోపలి భాగాన్ని మాత్రమే చెరపండి. జుట్టు అంచు దాకా వెళ్లొద్దు. సబ్జెక్ట్ మాస్క్‌తో మనిషి మొత్తాన్నీ ఒక్క క్లిక్‌తో తీసేస్తే పని త్వరగా అవుతుంది గానీ, విడి వెంట్రుకల మధ్య ఉన్న ఆకాశం కూడా దానితోపాటు తప్పించుకుని తల చుట్టూ తెల్లటి వలయంలా మిగులుతుంది.

తర్వాత ముఖం. మనుషుల మాస్క్‌లో ముఖం చర్మం, ఒంటి చర్మం రెండూ టిక్ చేయండి. ముఖం ఒక్కటే వెలిగించి మెడనూ చేతుల్నీ వదిలేస్తే తల వేరే ఫోటోలోంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. ఎక్స్‌పోజర్ ప్లస్ 0.5, షాడోస్ ప్లస్ 15, టెంపరేచర్ ప్లస్ 4 లేదా 5. వెలుతురు వెనక నుంచి వస్తోంది కాబట్టి ముఖం ఆకాశం కంటే ముదురుగానే ఉండాలి, అది గుర్తుంచుకోండి. రెండూ సమానంగా వెలిగిపోతే చూసేవారికి కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని అర్థమైపోతుంది. నీడను లేపినప్పుడు నాయిస్ కూడా లేస్తుంది. మాస్కులోనే నాయిస్ స్లైడర్ ఉంది, 20 దాకా ఇవ్వండి. క్లారిటీని (చిన్న వివరాల్ని కొట్టొచ్చినట్టు చేసే స్లైడర్‌ను) చర్మం మీద పెంచితే వయసు మీద పడుతుంది. తగ్గిస్తే మైనం బొమ్మ అవుతుంది. సున్నాలోనే ఉంచడం నాకు ఇష్టం.

కళ్ల దగ్గర చేయి నిదానం. కనుపాప చుట్టూ ఉన్న రంగు భాగం మీద మాత్రమే ఎక్స్‌పోజర్ ప్లస్ 0.2. తెల్లగుడ్డును ముట్టుకోవద్దు. అది మెరిసిపోతే కళ్లు దీపాల్లా వెలిగి భయపెడతాయి.

రాయికి బ్రష్ చాలు. ఎక్స్‌పోజర్ మైనస్ 0.4, హైలైట్స్ మైనస్ 20, ఫ్లో 20. దానితోపాటు సాచురేషన్ మైనస్ 5 కూడా ఇవ్వండి. ఒక చోటును ముదురు చేసినప్పుడు అక్కడి రంగు చిక్కబడినట్టు కనిపిస్తుంది, ఈ తగ్గింపు దానికి విరుగుడు. రాయి చుట్టూ ఉన్న నేల మీద కూడా ఒక పలుచటి పూత వేయండి. రాయి ఒక్కటే దిగితే దాని మీద నీడ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వస్తుంది.

చొక్కా మీది నీలం ఎక్స్‌పోజర్ సమస్య కాదు. ఆకాశపు వెలుతురు నీడల మీద పడి వాటిని నీలం చేస్తుంది. సాయంత్రం ఎండ పడిన చోటు పసుపుగా ఉండటంతో ఆ నీలం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కలర్ రేంజ్‌తో చొక్కాలోని నీలం మీద క్లిక్ చేయండి. ఆకాశంలోని నీలాన్ని కూడా అది పట్టేస్తుంది, అందుకని దాన్ని బట్టల మాస్క్‌తో ఇంటర్‌సెక్ట్ చేయండి. టెంపరేచర్ ప్లస్ 10, సాచురేషన్ మైనస్ 15. పూర్తిగా తీసేయకండి. నీడలో ఉన్న తెల్ల చొక్కాకు కాస్త నీలం ఉండటమే సహజం.

కొండ మీద డీహేజ్ (పొగమంచు తెరను పలుచబరిచే స్లైడర్) వాడాలన్న కోరిక అందరికీ పుడుతుంది. మంచు పలుచబడుతుంది, నిజమే. దానితోపాటు కొండ నల్లబడి, రంగు చిక్కబడి, దగ్గరికి వచ్చి నిలబడుతుంది. కొండ దూరంగా ఉందని చెప్పేదే ఆ మంచు. ప్లస్ 10 చాలు, నల్లబడినంత మేర ఎక్స్‌పోజర్ ప్లస్ 0.1 ఇచ్చి సరిచేయండి.

అంచులు తనిఖీ చేయడం

ఇప్పుడు ఫోటోను 100 శాతానికి పెంచి, మాస్కుల అంచుల వెంట నెమ్మదిగా వెళ్లండి. ఓ కీ నొక్కితే మాస్క్ ఎక్కడెక్కడ పడిందో ఎర్రటి పొరగా కనిపిస్తుంది. ఎర్రటి వస్తువు మీద ఆ ఎరుపు కలిసిపోతుంది. షిఫ్ట్ ఓ నొక్కితే పొర రంగు మారుతుంది. బ్రష్ పూయకుండా వదిలేసిన చిన్న చిన్న తునకలు ఇక్కడే దొరుకుతాయి.

చూడవలసింది ముఖ్యంగా రెండు జాడలు. కొండకూ ఆకాశానికీ మధ్య తెల్లటి గీత ఉంటే ఆకాశపు మాస్క్ కొండ అంచు దాకా రాకుండా ఆగిపోయిందని అర్థం. అక్కడ బ్రష్‌తో కొంచెం కలపండి. కొండ పైఅంచు నల్లగా మాడినట్టు ఉంటే మాస్క్ కొండ మీదికి దిగింది. కొంచెం చెరపండి. ఎంత సరిచేసినా వలయం పోకపోతే మార్పు మోతాదే ఎక్కువైంది. ఆకాశాన్ని అర స్టాప్ దించినప్పుడు కనిపించని అంచు, ఒకటిన్నర స్టాప్ దించగానే బయటపడుతుంది. అంచును చెక్కుతూ గంట కూర్చోవడం కంటే స్లైడర్‌ను వెనక్కి జరపడం మంచిది.

ఫోన్‌లో చేసేవారికి

స్నాప్‌సీడ్ 2011లో నిక్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది, మరుసటి ఏడాది ఆ సంస్థను గూగుల్ కొనేసింది. అందులో సెలెక్టివ్ అనే టూల్ ఉంది. మార్చాల్సిన చోట తాకితే ఒక చుక్క పడుతుంది. రెండు వేళ్లతో విప్పితే ఆ చుక్క ఎంత మేర పనిచేస్తుందో ఎర్రగా కనిపిస్తుంది. ఆ వలయంలో కూడా చుక్క కింద ఉన్న రంగునూ వెలుతురునూ పోలిన చోట్లనే మారుస్తుంది, అందుకే అంచులు చక్కగా వస్తాయి. వేలిని పైకీ కిందికీ జరిపితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, సాచురేషన్, స్ట్రక్చర్ అనే నాలుగింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. పక్కలకు జరిపితే మోతాదు మారుతుంది. ఎనిమిది చుక్కల దాకా పెట్టుకోవచ్చు.

ఇందులో ఒక చిట్కా ఉంది. ముఖం మీద చుక్క పెట్టి వెలిగిస్తే పక్కనున్న గోడ కూడా వెలుగుతోందనుకోండి. గోడ మీద ఇంకో చుక్క పెట్టి, దాని విలువలన్నీ సున్నాలోనే వదిలేయండి. ఆ చుక్క గోడను ఉన్నచోటే పట్టి ఉంచుతుంది.

ఇంకా గట్టి పట్టు కావాలంటే, ట్యూన్ ఇమేజ్ లాంటి ఏదైనా టూల్‌తో ముందు ఫోటో మొత్తాన్నీ మార్చేయండి. తర్వాత వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి ఆ మెట్టు మీద తాకి, బ్రష్ గుర్తును ఎంచుకోండి. ఇప్పుడు మీరు వేలితో పూసిన చోటే ఆ మార్పు పడుతుంది. మోతాదు 25, 50, 75, 100గా మార్చుకోవచ్చు, సున్నా పెడితే చెరిపేస్తుంది. బ్రష్ సైజు మార్చే బటన్ కోసం వెతకొద్దు, ఫోటోను జూమ్ చేస్తే బ్రష్ దానంతటదే సన్నబడుతుంది. కొత్త వెర్షన్లలో మెనూలు చోటు మారి ఉండొచ్చు.

లేయర్లతో పనిచేసేవారికి

ఫోటోషాప్‌లోనూ జింప్‌లోనూ సూత్రం ఒకటే. మాస్క్‌లో తెలుపు ఉన్న చోట ఆ లేయర్ (ఫోటో మీద పరిచిన పొర) కనిపిస్తుంది, నలుపు ఉన్న చోట కనిపించదు, బూడిదరంగు ఉంటే సగంసగం. ఫోటోషాప్‌లో కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి, కర్వ్‌ను మధ్యలో కొద్దిగా పైకి లేపి, మాస్క్‌ను కంట్రోల్ ఐ తో నల్లగా తిప్పేయండి. మార్పు మాయమవుతుంది. ఇక తెల్లటి బ్రష్‌తో, ఫ్లో 5 శాతం పెట్టుకుని, కావలసిన చోట పూసుకుంటూ రండి. తప్పు పడితే ఎక్స్ కీ నొక్కి నలుపుకు మారి చెరపండి. ముదురు చేయడానికి ఇలాంటిదే ఇంకో లేయర్ వేసుకోండి. రెండిటి బ్లెండ్ మోడ్‌నూ (లేయర్ కిందున్నదాంతో ఎలా కలవాలో చెప్పే సెట్టింగ్) ల్యూమినాసిటీకి మారిస్తే వెలుతురు మాత్రమే మారుతుంది, రంగు చిక్కబడదు.

50 శాతం బూడిదరంగు నింపిన లేయర్‌ను సాఫ్ట్ లైట్ బ్లెండ్ మోడ్‌లో పెట్టి, తెలుపుతో లేపడం, నలుపుతో దించడం ఇంకో పద్ధతి. జింప్‌లోనూ ఇది చక్కగా నడుస్తుంది.

డార్క్‌టేబుల్ ఆలోచన కొంచెం వేరు. అక్కడ మాస్కుల ప్యానెల్ తెరిచి మొదలుపెట్టరు. దాదాపు ప్రతి మాడ్యూల్ కిందా దాని మాస్క్ దానికే ఉంటుంది. ముఖానికి ఒక ఎక్స్‌పోజర్, ఆకాశానికి ఇంకొకటి కావాలంటే ఆ మాడ్యూల్‌ను రెండుసార్లు వేసుకోవాలి. గీసిన మాస్క్‌నూ, వెలుతురు, రంగులను బట్టి ఎంచే పారామెట్రిక్ మాస్క్‌నూ ఒకేచోట కలపొచ్చు. గీసిన ఆకారం మీద మౌస్ చక్రం తిప్పితే సైజు, షిఫ్ట్‌తో తిప్పితే ఫెదర్, కంట్రోల్‌తో తిప్పితే ఒపాసిటీ మారతాయి. ఫెదరింగ్ రేడియస్ పెంచితే మీరు ముతకగా గీసినా మాస్క్ వస్తువు అంచులకు అతుక్కుంటుంది. మొదట్లో కాస్త టెన్షన్ పెట్టే సాఫ్ట్‌వేరే గానీ, ఈ పారామెట్రిక్ మాస్కుల కోసమైనా నేర్చుకోదగ్గది.

ఎంతవరకు?

మాస్కులన్నీ అయ్యాక లేచి వెళ్లి కాసేపు వేరే పని చూసుకోండి. గంటసేపు ఒకే ఫోటో చూసిన కన్ను ఎక్కువైనదాన్ని గుర్తుపట్టదు. తిరిగొచ్చి, మాస్కుల ప్యానెల్‌లో ఉన్న స్విచ్‌తో అన్నిటినీ ఒకేసారి ఆపి, మళ్లీ వేయండి. వేసినప్పుడు ఫోటోలో ఏది మారిందో మీ కంటికి ఇట్టే తట్టిందంటే అది ఎక్కువైంది. ఒక్కో స్లైడర్‌ను విడిగా తగ్గించనక్కర్లేదు. ప్రతి మాస్కుకూ అమౌంట్ స్లైడర్ ఉంటుంది, దాన్ని 100 నుంచి 70కి దించితే లోపలున్నవన్నీ అదే పాళ్లలో తగ్గుతాయి.

పెళ్లి ఫోటోకో పోస్టర్‌కో మీ ఇష్టం. వార్తా ఛాయాచిత్రాల్లో మాత్రం ఇది అభిరుచి విషయం కాదు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరికి ముందు రౌండ్‌కు చేరినవాటిలో దాదాపు 20 శాతం ఫోటోల్ని పక్కన పెట్టేశారు. వస్తువుల్ని చెరిపేయడం ఒక కారణం. కొన్ని భాగాల్ని ఎంత నల్లగా మార్చారంటే అక్కడున్నది కనిపించకుండా పోవడం ఇంకో కారణం. అంటే రబ్బరు టూల్ ముట్టుకోకుండా, బర్నింగ్ ఒక్కదానితోనే ఫోటోలోంచి ఒక మనిషిని మాయం చేయొచ్చు. పత్రికకు పంపే ఫోటో అయితే అసలు ఫైల్‌లో కనిపించేవన్నీ ఎడిట్ చేసినదాంట్లోనూ కనిపిస్తున్నాయా లేదా చూసుకోండి.

ఒకే వరసలో తీసిన ఫోటోలకు

అదే చోట, అదే వెలుతురులో ముప్ఫై ఫోటోలు తీశారనుకోండి, ప్రతిదానికీ ఇదంతా చేయనక్కర్లేదు. ఒకదాని సెట్టింగ్స్ కాపీ చేసి మిగతావాటి మీద పేస్ట్ చేస్తే, సబ్జెక్ట్, ఆకాశం, మనుషుల మాస్కుల్ని లైట్‌రూమ్ ప్రతి ఫోటోలోనూ కొత్తగా లెక్కగట్టుకుంటుంది. బ్రష్, గ్రేడియెంట్, రేడియల్ అలా కావు. మొదటి ఫోటోలో ఎక్కడున్నాయో రెండోదాంట్లోనూ అక్కడే వచ్చి కూర్చుంటాయి. రాయి కోసం వేసిన బ్రష్ ఇంకో ఫోటోలో ఎవరి కాలి మీదో పడి ఉంటుంది. అందుకని కాపీ చేసేటప్పుడు బ్రష్ మాస్కుల టిక్ తీసేసి, సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టేవాటిని మాత్రమే పంపండి. పేస్ట్ అయ్యాక కూడా ఫోటోలన్నీ ఒకసారి తిరగేయండి. చేయి అడ్డం పెట్టుకున్న ముఖం, పక్కకు తిరిగిన ముఖం దగ్గర ఆ గుర్తింపు తడబడుతుంది.

లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ అసలు ఫైల్‌ను మార్చవు, మార్పుల జాబితాను పక్కన రాసుకుంటాయి. ఫోటోషాప్‌లో, జింప్‌లో మాత్రం లేయర్లు నిలవాలంటే పీఎస్‌డీగానో ఎక్స్‌సీఎఫ్‌గానో సేవ్ చేయాలి. జేపెగ్ ఒక్కటే దాచుకుంటే మాస్కులన్నీ అందులో కరిగిపోతాయి, రేపు ఆకాశం కాస్త ఎక్కువైందనిపిస్తే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.